ఎల్డన్ కారులో పదకొండు పేర్లు

"విప్పేది ఒక్క భాగమే. రెండోదానికి చెయ్యి పోకూడదు," అన్నాడు సుందరరాజులు.

తిరువళ్ళూరు స్టేషన్ ఎదుట, ఎరువుల దుకాణం పైగదిలో బ్రీఫింగ్. 1979 ఆగస్టు, ఉదయం ఎనిమిదీ నలభై. సుందరరాజులు బయటికి ఎరువుల ఏజెంటు, లోపల ఇంటెలిజెన్స్ చీఫ్. ఎదురుగా కూర్చున్న దామోదరానికి శాఖలో ఒక నంబరుంది, తొమ్మిది పేర్లున్నాయి, ఇల్లు మాత్రం లేదు.

"తిరుత్తణిలో ఒక షెడ్డు. క్రేన్ అనే తెల్లోడు పాత కారొకటి కొని బాగు చేయించినాడు. పన్నెండుకు లారీ ఎక్కిస్తాడు. సాయంత్రం మద్రాసు హార్బర్లో ఓడ. ఆ కారులో మైక్రోఫిల్ము ఉండాది. ఫిల్ములో పేర్లు."

"ఎవరివి?"

"బార్డరు అవతల మన పని చేసే వాళ్ళవి. పదకొండు మంది."

దామోదరం టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ పదకొండు మందిలో నలుగురిని చేర్చింది తనే.

"కస్టమ్స్ వాళ్ళు?"

"ముట్టుకోవద్దని పైనుంచి ఆర్డరు. వాని దగ్గర పెద్దోళ్ళ లెటరుంది. నువ్వు పాతకార్ల క్లబ్బు ఇన్‌స్పెక్టరువి. కారు అసలుదేనని నువ్వు సర్టిఫికెట్ ఇస్తేనే వాళ్ళ దేశంలో ర్యాలీకి రానిస్తారు. ఒక్క భాగం విప్పి చూడొచ్చని క్లబ్బు రూలు. దొరికిందంటే ఈ భూతద్దం పిడిలో బటన్ నొక్కు, లెవెల్ క్రాసింగు కాడ జీపుంటాది. దొరకలేదా, నమస్కారం పెట్టి వచ్చెయ్."

"లోపల మనవాళ్ళు?"

"కాంచన. క్రేన్ సెక్రటరీ. వానికీ పనిచేస్తాది, మనకీ పనిచేస్తాది. మనకు కొంచెం ఎక్కువని నా నమ్మకం."

"నేనే ఎందుకు సార్?"

"ఆ పాతకార్ల పుస్తకాలు చదివే పిచ్చోడు శాఖలో ఇంకెవడున్నాడయ్యా?"

తిరుత్తణి బస్సులో దామోదరం ఆ పుస్తకమే తెరిచాడు. ఎల్డన్ కంపెనీ కార్ల మీద నాలుగు వందల పేజీలు. ఏ సంవత్సరం దీపాల అంచుకు నికెల్ పూత వేశారు, ఏ నెల నుంచి చక్రాల మీది రెక్కల కింద నల్లరంగు మానేశారు, ఏ స్క్రూకు ఎలాంటి తల ఉండాలి. అతనికి డ్రైవింగ్ రాదు. కారు కొనే కోరికా లేదు. అయినా ఒక స్క్రూ గురించి మూడు పేరాలు చదువుతుంటే లోపల ఏదో కుదుటపడేది. ఒక వస్తువు పుట్టిననాడు ఎలా ఉండేదో ఇంత నిక్కచ్చిగా చెప్పవచ్చన్నమాట. తన గురించి అలా ఎవరైనా రాయాల్సివస్తే ఏ పేరు దగ్గర మొదలుపెడతారు? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా అతను పేజీ తిప్పేవాడు. ఇప్పుడూ తిప్పాడు.

షెడ్డు గుమ్మంలో కాంచన నిలబడి ఉంది. పసుపు జార్జెట్ చీర, నల్లకళ్ళద్దాలు, పెదాలకు ఎర్రరంగు.

"పూండిలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి?" అడిగింది తెలుగులో. కోడ్ మాట.

"మెట్లు తడిసేంత."

లోపల కారు తుడుస్తున్న మేస్త్రి పళని తలెత్తాడు. "యాడ మెట్లు తడిసేది సార్, డ్యాము ఎండిపోయి రెండు నెలలాయె. ఎవురు చెప్పినారు మీకు?"

కాంచన నవ్వు ఆపుకుని పక్కకు తిరిగింది. పెదాలు కదలకుండా అంది: "డాష్‌బోర్డు గడియారంలో."

మధ్యలో 1934 ఎల్డన్ టూరర్, పైకప్పు లేని ముదురాకుపచ్చ కారు. దాని పక్కన క్రేన్. యాభై ఏళ్ళ మనిషి, కుడిచెయ్యి కోటు జేబులో.

దామోదరం భూతద్దంతో గంటసేపు చూశాడు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిపోయాయి. బానెట్ కింద ఫెల్టు వాషర్లు కూడా పుస్తకంలో చెప్పిన మందమే; ఆ మాట పైకే అన్నాడు.

"ఫెల్టు సంగతి ఎక్కడ చదివారు?" ఇంగ్లీషులో అడిగాడు క్రేన్.

"రెండు వందల పన్నెండో పేజీ, కింద చిన్నక్షరాల్లో."

క్రేన్ ముఖం వెలిగింది. "ఆ చిన్నక్షరాలు చదివిన మనిషిని ఇంతవరకు చూడలేదు."

పది నిమిషాలు ఇద్దరూ నికెల్ పూత గురించి వాదించుకున్నారు. తనకు సంతోషంగా ఉందని దామోదరం గమనించాడు, భయమేసింది.

డాష్‌బోర్డు దగ్గరికి వచ్చాడు. గడియారానికి నాలుగు స్క్రూలు. మూడింటి తల మీద ఒకే గీత. నాలుగోదాని మీద ప్లస్ గుర్తు. 1934లో ఆ తల ఎల్డన్ వాళ్ళకు లేదు. తప్పు దొరికింది, కాంచన చెప్పిన చోటే. చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికి పోయింది.

ఆగింది.

వాషర్ మందం దాకా చూసుకున్న క్రేన్ కళ్ళెదుట ఈ స్క్రూ వదిలేస్తాడా? ఇది పుస్తకం చదివినవాడి కోసం పెట్టిన ఎర. గడియారమని కాంచనకు చెప్పిందీ వాడే అయివుంటుంది. అది విప్పితే లోపల ఏమీ ఉండదు, ఆమె గుట్టు మాత్రం బయటపడుతుంది. వెనుక క్రేన్ ఊపిరి వినిపిస్తోంది.

"ఈ స్క్రూ ఒక్కటి మార్చుకోండి," అన్నాడు దామోదరం మామూలుగా. కాంచన కళ్ళద్దాలు సర్దుకుంది.

పదకొండూ నలభై. లారీ వచ్చి పలకలు దించింది. ఫిల్ము ఎక్కడుందో అతనికి తెలియదు. ఆ నలుగురి ముఖాలు వరుసగా గుర్తొచ్చాయి. పుస్తకంలో ఇక తిప్పడానికి పేజీలు లేవు.

"పూజ చెయ్యకుండా బండి కదిలేది లే," అన్నాడు పళని. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. బొట్లు పెడుతూ తిరిగాడు: రేడియేటర్‌కు, ఇంజనుకు, స్టీరింగుకు, హారన్‌కు, కుడిదీపానికి. ఎడమదీపాన్ని దాటేసి హారతి పళ్ళెం అందుకున్నాడు.

"మేస్త్రీ, ఎడమదీపం మరిచిపోయినట్టున్నావే," అన్నాడు దామోదరం తెలుగులో.

"మరిచేదేముంది సార్. అది నా చెయ్యి పడింది కాదు. మొన్న దొరే తలుపేసుకొని బిగించుకున్నాడు. నేను ముట్టని పనికి నేను బొట్టు పెట్టేది లే. మా అయ్య కాలం నుంచి ఈ షెడ్డులో అదే వాడుక."

క్రేన్‌కు తెలుగు రాదు. కారెక్కి ఇంజను స్టార్ట్ చేశాడు. కాంచన పక్కసీట్లో కూర్చుంది. ముందుచక్రాలు నిమ్మకాయలు తొక్కి పలకల దాకా వచ్చాయి. దామోదరం కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

"రూలు ప్రకారం ఒక్కటి విప్పాలి. ఎడమ హెడ్‌ల్యాంపు."

క్రేన్ జేబులోంచి పిస్తోలు బయటికొచ్చింది. కాంచన వంగి ఇగ్నిషన్ కట్టేసింది. పిస్తోలు ఆమె వైపు తిరిగింది. దిష్టి తీయడానికి పళని ఎత్తిన బూడిదగుమ్మడి నేలకు కొట్టాల్సింది; క్రేన్ మణికట్టు మీద పగిలింది. గుండు షెడ్డు రేకుల్లోకి పోయింది.

"పూజ మధ్యలో తుపాకీ తీస్తాడే వీడు," అన్నాడు పళని, చేతులు దులుపుకుంటూ. "ఆచారం తెలీనోడు."

దామోదరం బటన్ నొక్కాడు. జీపు వచ్చేలోగా దీపం విప్పాడు. అద్దం వెనుక, మైనం కాగితంలో, గోరంత ఫిల్ము చుట్ట.

"ఆ దీపంలో తప్పేముంది?" బేడీలు పడ్డాక క్రేన్ అడిగాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"ఏమీ లేదు. పుస్తకం ప్రకారం అంతా సరిగ్గా ఉంది."

ఒంటిగంటకు పోస్టాఫీసు నుంచి ఫోన్ చేశాడు.

"పదకొండు మందీ బతికినారు," అన్నాడు సుందరరాజులు. "నీ గొంతేమయ్యా అట్లుంది? దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. జైల్లో ములాఖత్ ఏ రోజుల్లో ఇస్తారో కొంచెం కనుక్కుంటారా? నికెల్ పూత గురించి మా వాదం ఇంకా తేలలేదు."