బోర్లించిన రాగి గరిటె

హిల్కా కెటోలా కోటు విప్పలేదు, కూర్చోలేదు, కాఫీ కూడా వద్దంది. కాఫీ వద్దనే మనిషిని పెంటి జీవితంలో మొదటిసారి చూశాడు. ట్రామ్ డ్రైవరుగా రిటైరయ్యాక టాంపరే నగరంలో డిటెక్టివ్ రాకెల్ తూమి దగ్గర అసిస్టెంటుగా చేరినవాడతను. రాకెల్ చెయ్యి ఊపినా చాలు, అందులో ఏదో అర్థం ఉండే ఉంటుందని నమ్ముతాడు.

"మా తమ్ముడు ఆదివారంలోగా తన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు," అంది హిల్కా.

ఆ తమ్ముడు ఆర్వో కెటోలా. కాగితం మిల్లులు, ఓడలు, హోటళ్ళు అన్నీ ఆయనవే. ఒకప్పుడు పత్రికలు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాయి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాక అవే పత్రికలు ఆయన బొమ్మ చేతిలో గొడ్డలి పెట్టి వేస్తున్నాయి. కిందటి వారం ఒక కాగితం ఫోటో అచ్చయింది. కెటోలా సంస్థ లోపలంతా డొల్లేనని, అప్పులు తీర్చడానికి ఆయన పుట్టినూరు కివిలహ్తి మిల్లుని కూడా గుట్టుగా అమ్మేస్తున్నారని ఆ కాగితం చెప్పింది. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. అమ్మకం ఆగిపోయింది, షేరు కుప్పకూలింది.

"ఆ కాగితం మా అమ్మ నాటి సౌనాలో, అదే ఆవిరి స్నానాల గదిలో ఉందంట. తాళం నా దగ్గరుంటుంది కాబట్టి దొంగని నేనేనంట. తమ్ముడూ అతిథులూ అక్కడ స్నానం చేసిన ఆ శనివారం సాయంత్రం నేను చర్చిలో పాడుతున్నానమ్మా! ఊరంతా విన్నారు. ఒక చోట శ్రుతి తప్పితే అదీ విన్నారు." ఆమె కోటు గుండీలు సరిచేసుకుంది. "ఇల్లు పోతే పోనీ. వాడు నన్ను 'మీరు' అన్నాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా మనం 'నువ్వు' అనే అంటాం కదమ్మా. చిన్నప్పుడు మిల్లు సైరన్ మోగితే మా అమ్మ సౌనా వెలిగించేది. ఒకే బెంచీ మీద కూర్చుని ఆవిరి పట్టేవాళ్ళం. అలాంటిది, మీరంట!"

కివిలహ్తికి వెళ్ళే రైల్లో రాకెల్ ఆ ఫోటోని భూతద్దంతో చూస్తూనే ఉంది. చెక్క బెంచీ మీద కాగితం. మూలగా నీళ్ళ బకెట్టు, దాని మీద బోర్లించిన రాగి గరిటె.

"ఈ గరిటె ఏంటమ్మా?"

హిల్కా ముఖం పాలిపోయింది. "మా అమ్మ అలవాటది. అందరి స్నానాలూ అయ్యాక చివరి ఆవిరి సౌనాని కాచే చిన్న దేవుడిది. చివర బయటికొచ్చేవాళ్ళు గరిటె బోర్లించాలి, ఇక లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. వేరే ఇళ్ళలో ఇలా చెయ్యరు. అయ్యో, నా మెడకి నేనే ఉరి వేసుకున్నానా?"

పెంటి కూడా అలాగే అనుకున్నాడు. రాకెల్ మాత్రం కిటికీలోంచి బిర్చ్ చెట్లను చూస్తూ నవ్వుకుంది.

సరస్సు ఒడ్డున ఆర్వో ఇంట్లో ఆ రోజు ఆవిరి పట్టిన ముగ్గురూ ఉన్నారు.

"స్నానమయ్యాక గరిటె ఎక్కడ పెట్టావు?" అని సంస్థ లెక్కలు చూసే రిస్తోని రాకెల్ అడిగింది.

"బకెట్లో. ఇంకెక్కడ పెడతారు, జేబులోనా? నేనూ క్లాసూ కలిసే బయటికొచ్చాం. కాగితాల సంచీ అక్కడే మర్చిపోయా, అదే నా ఖర్మ."

హెల్సింకీ బ్యాంకరు క్లాస్ చిరాకుపడ్డాడు. "గరిటె గురించా ఇంత దూరం వచ్చారు? బకెట్లోనే ఉంది. మేం భోజనానికి వెళ్ళిపోయాం. ఆర్వోనే ఆలస్యంగా వచ్చాడు, తడి జుట్టుతో."

"నేను అందరికంటే ముందే బయటికొచ్చా. ఫోన్ వచ్చింది, మాట్లాడుతూ ఉండిపోయా," అన్నాడు ఆర్వో. ఫోటోల్లో కంటే ముసలివాడిలా ఉన్నాడు.

"మీ అమ్మగారి అలవాట్లు గుర్తున్నాయా?"

"అవన్నీ ఎప్పుడో మర్చిపోయానమ్మా."

రాకెల్ పెంటి చేత సౌనా వెలిగించింది. మధ్యాహ్నానికి అందర్నీ దాని ముందు గదిలో కూర్చోబెట్టింది. "ఒక్కొక్కరే లోపలికెళ్ళి పొయ్యి మీది వేడి రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసి రండి. ఆర్వో, చివర నువ్వు. తర్వాత ఇంకెవరూ వెళ్ళరు, పెంటి మంట ఆర్పేస్తాడు."

"బట్టలతోనా? మతి ఉందా ఈవిడకి?" అని గొణిగి క్లాస్ వెళ్ళొచ్చాడు. రిస్తో వెళ్ళొచ్చాడు. చివరికి ఆర్వో వెళ్ళాడు. రాళ్ళు బుస్సుమన్నాయి. ఆయన కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

రాకెల్ తలుపు బార్లా తెరిచింది. ఆవిరి మధ్య, బకెట్టు మీద, రాగి గరిటె బోర్లించి ఉంది.

ఆర్వో తన చేతిని పరాయి చేతిలా చూసుకున్నాడు.

"ఇలా బోర్లించే అలవాటు తెలిసింది అక్కాతమ్ముళ్ళు మీ ఇద్దరికే," అంది రాకెల్. "అక్క ఆ సాయంత్రం చర్చిలో ఉంది. నీకు ఫోనేమీ రాలేదు ఆర్వో. వీళ్ళు వెళ్ళాక మళ్ళీ లోపలికెళ్ళి ఒంటరిగా ఆవిరి పట్టావు, అందుకే జుట్టు తడి. అలవాటుగా గరిటె బోర్లించావు. రిస్తో సంచీలోంచి కాగితం తీసి బెంచీ మీద పెట్టి ఫోటో తీసి పత్రికకి పంపావు."

"సొంత కంపెనీని ఎవడైనా ముంచుకుంటాడా?" క్లాస్ అరిచాడు.

"మిల్లు అమ్మనని మీ మొహం మీద చెప్పే దమ్ము లేకపోయింది," అన్నాడు ఆర్వో నెమ్మదిగా. "బయటపడితే ఊరే అడ్డుపడుతుందనుకున్నా. సైరన్ మోగే ఊరు నాకు ఒక్కటైనా మిగలాలనిపించింది. మీరంతా దొంగ ఎవరు, ఎవరు అని అడుగుతుంటే అక్క పేరు నోటికొచ్చేసింది."

"నోటికొచ్చేసిందా?" హిల్కా లేచి నిలబడింది. "నన్ను మీరన్నావురా."

"నువ్వు అని పిలిచి ఆ మాట అనలేకపోయా, అక్కా."

హిల్కా రెండడుగులు తమ్ముడి దగ్గరికి వేసింది.

"రేపు పేపరువాళ్ళని పిలిచి అంతా నీ నోటితోనే చెప్పు," అందామె చివరికి.

"చెప్తా. బోర్డువాళ్ళు నన్ను తరిమేస్తారు. ఈ ఇల్లూ మిగలదు."

"తరమనీ. అమ్మ సౌనా నా పేరునే రాసింది, అదైనా మిగులుతుంది కదా."

ఆమె లోపలికెళ్ళింది. బోర్లించిన గరిటెని చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది. దాన్ని వెల్లకిలా తిప్పి బెంచీ మీద పెట్టింది. అంతవరకూ కేసు గెలిచిన సంబరంలో ఉన్న పెంటి ఎందుకో టోపీ తీసేశాడు.

ఆమె మిగిలిన నీళ్ళు రాళ్ళ మీద పోసేసి, ఖాళీ బకెట్టుని తమ్ముడి వైపు తోసింది. "నీళ్ళైపోయాయి. తెచ్చుకో."

ఆర్వో కెటోలా బూట్లు విప్పి, బకెట్టు అందుకుని, చల్లటి గడ్డి మీద సరస్సు వైపు నడిచాడు.