కునుకు తీసిన కుందేలు

"బొమ్మలో ఉండాది."

సూళ్లూరుపేట స్టేషన్‌లో కత్తిపోటు తిన్న ఏజెంట్ యోగానంద ఆఖరి మాట అది. విన్నది అతని పార్ట్‌నర్ నాగవేణి. పోయింది రాకెట్ ఇంజన్ డిజైన్లున్న చిప్.

మర్నాడు ఢిల్లీ నుంచి చీఫ్ ఫోన్ చేశాడు.

"నువ్వు అనుమానిస్తున్న విక్టర్ పేరున్న బొమ్మల కలెక్టర్. సాక్ష్యం లేకుండా ముట్టుకుంటే గొడవ. మిషన్ క్యాన్సిల్."

"యోగానందను ముట్టుకున్నప్పుడు ఎవురూ గొడవ చేయలేదే సార్," అని నాగవేణి ఫోన్ పెట్టేసింది.

2007 విజయదశమి. తిరుపతి హోటల్లో విక్టర్ డిజైనర్ టాయ్స్ ప్రదర్శనకు ఆఖరి రోజు. పండగ కదా అని బొమ్మల్ని కొలువు మెట్ల మీద పేర్చి, పేరంటం పిలిచారు. రెక్కల ఎలుగు, మూడు కళ్ల పిల్లి, హెల్మెట్ పెట్టుకున్న కుందేలు. పిల్లలు ఆడుకునేవి కావు. ఆర్టిస్టు కొన్నే చేసి అచ్చు పగలగొడతాడు, కలెక్టర్లు పోటీపడి కొంటారు. పెట్టెకు సీల్ పడ్డాక తెరిస్తే ధర పడిపోతుంది. అందుకే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు తెరవడానికి జంకుతారు.

నాగవేణి పట్టుచీర కట్టి, గుగ్గిళ్ల గిన్నెతో పేరంటాళ్లలో కలిసింది. తోడుగా మేనత్త వసంతమ్మ. కుంకుమ భరిణెలో డిటెక్టర్. అది ప్రతి బొమ్మ దగ్గరా వణికింది. అన్నిటి మెడల్లోనూ తలను పట్టి ఉంచే అయస్కాంతాలే.

"గుగ్గిళ్లు నువ్వే చేసినావా అక్కా?"

ఎదురుగా స్రవంతి. చిత్తూరు పిల్ల. ఒకప్పుడు నాగవేణి టీమ్, ఇప్పుడు విక్టర్ మేనేజర్. మెడలో కెంపుల హారం. రెండు వైపులా జీతం తీసుకుంటుందని పేరు.

"తిని సూడు. నీ మాదిరి నేను విషం కలపను."

స్రవంతి నవ్వింది. విక్టర్ చూపు ఆమె చేతుల మీదే ఉంది.

అప్పుడు కనబడింది. పై మెట్టు మీద కుందేలు వెల్లకిలా పడుకుని ఉంది. ఆఖరి రోజు హారతి అయ్యాక ఒక బొమ్మను పడుకోబెట్టి కొలువు ముగిస్తారు. హారతి ఇంకా కాలేదు. చిత్తూరు పిల్ల ఆ తప్పు చేయదు. చేసిందంటే చెప్పడానికే.

విక్టర్ ఖాళీ పెట్టెతో అటే వస్తున్నాడు.

"అత్తా, హారతి పాట ఎత్తుకో!"

పేరంటాళ్లు మెట్లను చుట్టుముట్టారు. వసంతమ్మ విక్టర్ ఛాతీకి పళ్లెం అడ్డం పెట్టింది.

"యాడికప్పా? ఆడోళ్ల మధ్యలో నీకేం పని? ఎనక్కి పో!"

కొంగు చాటున కుందేలు తల తిరిగింది. చిప్ బయటికొచ్చింది. పాట ముగిసేసరికి మెడ బిగిసింది. విక్టర్ తోసుకుంటూ వచ్చేసరికి కుందేలు ఎప్పటిలా పడుకునే ఉంది. దాన్ని పెట్టెలో పెట్టి, సీల్ వేసి, చెన్నై కారెక్కాడు.

స్రవంతి తాంబూలం ఇస్తూ గొంతు తగ్గించింది.

"యోగానందన్నను సంపుతారని నాకు తెలీదక్కా."

సాయంత్రం చీఫ్ మళ్లీ ఫోన్ చేశాడు. చిప్ దొరికిందని విన్నాడు.

"విక్టర్‌ను ఎందుకు వదిలేశావు?"

"బొమ్మ ఎవురి చేతికి పోతుందో సూసేదానికి. మనోళ్లు ఎనకాలే ఉండారు."

"బొమ్మలో ఏముందిప్పుడు?"

"గుగ్గిళ్లు సార్. పేరంటానికొచ్చినోళ్లను ఉత్త చేతుల్తో పంపరాదు."