బూడిదలో ఆరిన గిన్నె

అమావాస్య మిట్టమధ్యాహ్నం! నిజాం ఏలుబడి చివరి రోజులు. మక్తల్ పొలిమేరలో గాలి స్తంభించింది... పట్టపగలే గుడ్లగూబ కూసింది!

కంచరి గురవయ్య కొలిమి ముందు మాంత్రికుడు ఎల్లయ్య పుర్రెను పెట్టుకొని, కంచు గిన్నెలో గడ్డకట్టిన మేకనెత్తురు నాకుతున్నాడు. మూతి చుట్టూ ఈగలు... ఛీ! చెప్పడానికే రోత.

ఆ గిన్నె పుట్టుకే పాపిష్ఠిది. శతాబ్దాల క్రితం పారశీక దేశంలో ఒక క్రూరుడు రాగిలో తగరం కలిపి కరిగించి, బిళ్ళగా పోసి, ఎర్రగా కాల్చి కాల్చి సుత్తితో గిన్నెగా సాగదీశాడు. చివరికి నీళ్ళలో ముంచవలసింది... బానిసపిల్ల గొంతు కోసి, ఆ వెచ్చని రుధిరంలో ముంచాడు! ఆమె ప్రాణం పిశాచమై కంచులో చిక్కింది. గిన్నె ఎవడి చేతిలో ఉంటే వాడి మాటకు కట్టుబడింది.

చేతులు మారి ఎల్లయ్యకు దక్కిన దాని అంచు ఇప్పుడు వంగింది. ఆ పనికి గురవయ్య ఛస్తే ఒప్పుకోడని, ఎల్లయ్య ఆ పిశాచాన్ని అతని భార్య సోమమ్మ మీదికి తోలాడు. గుంజకు కట్టేసిన సోమమ్మ పురుగులు కక్కుతోంది!

"అంచు సాపు చెయ్యి. లేకుంటే నీ పెండ్లానికి పాడె కట్టుకో!"

"చేస్త... నీ కాల్మొక్త, ఆమెను ఇడిసిపెట్టు."

గిన్నె ఎర్రబడింది. కాలిన నెత్తురు కంపు కొట్టింది. గురవయ్య అంచు సరిచేసి, పట్టుకారుతో నీళ్ళ తొట్టి వైపు తిప్పాడో లేదో...

"ముంచకు!" సోమమ్మ నోట మరెవరిదో ఆడపిల్ల గొంతు! "నన్ను బూడిదల ఆరనియ్యి..."

గురవయ్య పట్టుకారును తొట్టి మీదే ఆపాడు. ఎర్రగా కాలిన ఈ కంచు నీళ్ళలో ముంచితేనే గట్టి. మెల్లగా ఆరితే పెంకులా పెళుసు. గిన్నెలో చిక్కిన ఆ పిల్ల అది పగిలి తాను విడుదల కావాలని కోరుతోంది!

ఎల్లయ్య పకపకా నవ్వాడు. వాడు కమ్మరింట పుట్టినవాడు. నీళ్ళలో ముంచితే పెళుసెక్కేది, మెల్లగా ఆరితే మెత్తబడేది ఇనుము... కంచూ అంతేననుకున్నాడు.

"పిశాచం గూడ నా గిన్నె బాగే కోరుతాంది. ఆరనియ్యి!"

గురవయ్య గిన్నెను బూడిదలో కప్పాడు.

పొద్దు వాలింది. ఎల్లయ్య ఆరిన గిన్నె నిండా నెత్తురు పోసి పైకెత్తాడు. "ఇగ నీకు ఇడుపు లేదే!" అంటూ పూజ ముగింపుగా దాన్ని పుర్రెకేసి కొట్టాడు.

ఫట్!

గిన్నె ముక్కలైంది. ఒక్కొక్క పెంకూ పురుగులా పాకి, తెరిచిన వాడి నోట్లోకి దూరింది!

"ఇన్నొద్దులు నాకినవ్ గద... మింగురా!" అంది పెంకుల్లోంచి ఆ పిల్ల గొంతు.

వాడి కంఠం లోపలి నుంచి తెగింది. నల్లని చీము కక్కుతూ ఎల్లయ్య తన ముందున్న పుర్రె మీదే బోర్లా పడ్డాడు.

సోమమ్మ కళ్ళు తెరిచింది. "జర నీళ్ళియ్యవయ్యా..."

గురవయ్య కంచు చెంబు వైపు చాచిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. చేతులు కడుక్కొని వచ్చి, దోసిలితో నీళ్ళు తాగించాడు.