తిరిగొచ్చిన గొంతు

మా బావమరిది స్టూడియోలో పట్టపగలు కూడా చీకటే. ఒక పాత భవనం నేలమాళిగలో, ఒకప్పుడు పరుపులు దాచే గోదాములో పెట్టాడు దాన్ని. కిటికీల్లేవు. గోడల నిండా నల్లటి స్పాంజి. అక్కడ మాట్లాడితే మాట నోటి ముందే చచ్చిపోతుంది. ట్యూబులైటు రొద మైకులో పడుతుందని రికార్డింగు వేళ లైటు ఆర్పేస్తాడు. ఏసీ సంగతీ అంతే. అందుకే ఆ గదిలో ఎప్పుడూ వేడెక్కిన దుమ్ము వాసన, మనిషి ఊపిరి వాసన. దెయ్యాలంటే అమావాస్యలూ అర్ధరాత్రులూ అనుకుంటారు జనం. నేను చెప్పబోయేది మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగింది. పైన రోడ్డు మీద ఎండ మండిపోతోంది.

మా ఆవిడను అక్కడికి తీసుకెళ్ళింది ఆవిడ గొంతు దాచుకోవడానికి. మర్నాడు పొద్దున్నే ఆపరేషను. గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేయాలన్నారు. ఆ తర్వాత ఇక మాట ఉండదు. అలాంటివాళ్ళ కోసం అరచేయంత పెట్టె ఒకటి వచ్చిందని మా బావమరిదే కనుక్కున్నాడు. టైపు చేస్తే పలుకుతుంది. మనిషి సొంత గొంతుతోనే పలకాలంటే మాత్రం, గొంతు ఉండగానే ఒక కట్ట వాక్యాలు చదివి రికార్డు చేసి ఇవ్వాలి. సగం ఇస్తే పనికిరాదు, కట్టంతా కావాలి. తీరిగ్గా చదువుదాంలే అనుకుంటుండగా డాక్టర్లు ఆపరేషను ముందుకి జరిపారు. సాయంత్రానికి ఆసుపత్రిలో చేరాలి. మాకు మిగిలింది ఆ ఒక్క మధ్యాహ్నం.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. మేమిద్దరం టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేశాం. నేను ఫిజిక్సు పట్టా పుచ్చుకుని, ఆ చదువుకి దొరికిన ఉద్యోగం అదే కాబట్టి, తీగల అడవిలో పడ్డాను. ఆవిడ ఆపరేటరు. మొహం చూడకముందే గొంతు విన్నాను. "లైన్లో ఉండండి" అంది. ఉన్నాను. ఇప్పటికీ ఉన్నాను.

ఆవిడ మాత్రం స్టూడియోకి వెళ్ళే ఆటోలో బొంగురు గొంతుతో దెప్పుతూనే ఉంది.

"పెళ్ళయ్యాక నా మాట ఎప్పుడు విన్నారు గనక, ఇప్పుడు పెట్టెలో పెట్టి దాచుకుంటారట."

"పెట్టెకైతే సౌండు తగ్గించే బటనుంటుందని" అన్నాను.

నవ్వబోయింది. దగ్గొచ్చింది. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, నాకు కనపడకుండా మడిచేసింది.

స్టూడియోలో రెండు గదులు, మధ్యలో మందపాటి అద్దం. అవతల గదిలో మైకు ముందు ఆవిడ, చెవులకు హెడ్‌ఫోన్లు, వాక్యాల కట్ట మీద ఒక చిన్న దీపం. ఇవతల మా బావమరిది, నేను. వాడి ముందు మిక్సరు. బల్లంత వెడల్పు, దాని నిండా మీటలు. దాన్నుంచి కంప్యూటరుకి సన్నటి తీగ ఒక్కటే. మా కాలంలో ఒక్కో మాటకి ఒక్కో తీగ ఉండేది. వీడి దగ్గర ఆ ఒక్క తీగలోనే బోలెడు దారులు. ఏ దారిలో మాట లోపలికి పోవాలో, ఏ దారిలో తిరిగి బయటికి రావాలో తెర మీద గళ్ళు నొక్కి చెబుతాడు. దారికొక గీత తెర మీద కనపడుతుంది. మాట పడితే ఆ గీత ఉబ్బుతుంది.

వాడికో పద్ధతి ఉంది. పాడేవాళ్ళకీ చదివేవాళ్ళకీ మైకులోంచి నేరుగా వినిపించడు. కంప్యూటరులోకి వెళ్ళి తిరిగొచ్చిందే వినిపిస్తాడు.

"పోయిన గొంతుని నమ్మకూడదక్కా. తిరిగొచ్చిన గొంతుని నమ్మాలి. అది సరిగ్గా ఉంటేనే రికార్డు సరిగ్గా ఉన్నట్టు."

"సరేరా, వేదాంతం తర్వాత. గొంతు ఉన్నప్పుడే కానియ్యి" అంది మా ఆవిడ.

లైటు ఆర్పాడు. మిక్సరు మీద చిన్న చిన్న ఆకుపచ్చ దీపాలు మిగిలాయి.

మొదటి వాక్యమే తడబడింది. వెళ్ళి రావడానికి పట్టే సమయం వల్ల ఆవిడ మాట ఆవిడకే ఆలస్యంగా వినపడుతోంది. నత్తివాళ్ళలా అక్షరాలు పట్టుకుని వేలాడుతోంది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తడబడింది. ప్రతిసారీ గొంతు మరికొంచెం గీసుకుపోతోంది. అద్దం అవతల ఆ దీపం వెలుగులో మెడ మీద నరాలు తేలాయి.

"ఏం చేస్తావో చెయ్యరా, మీ అక్కకి ఓపిక లేదు" అన్నాను.

"తగ్గిస్తున్నా బావా... ఆలస్యం తగ్గిస్తున్నా" అంటూ వాడు తెర మీద అంకెలు మారుస్తున్నాడు. ఇంకా తగ్గించాడు. ఇంకా. దారులు తీసి వేరే దారులు కలిపాడు. చెమటకు వేళ్ళు జారుతున్నాయి. "ఇప్పుడు చదువక్కా."

చదివింది. గలగలా చదివింది. "వాన పడేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు." "అన్నం చల్లారిపోతోంది, రండి." బొంగురు లేదు. దగ్గు లేదు. ఎక్స్ఛేంజీ నాటి గొంతు. నా చెవులకీ హెడ్‌ఫోన్లున్నాయి. కళ్ళు మూసుకుని విన్నాను. కట్టలో సగం దాటిపోయింది. ప్రాణం లేచొచ్చింది నాకు.

తర్వాత కళ్ళు తెరిచాను.

ఆవిడ పెదాలు వెనకబడుతున్నాయి. మాట ముందు వస్తోంది, పెదవి తర్వాత కదులుతోంది. చత్వారం కళ్ళు కదా, పైగా అద్దం, చీకటి అనుకున్నాను. ఎక్స్ఛేంజీలో వానలకి తీగలు నానితే ఎవరి మాటలో ఎవరికో వినపడేవి. ఇదీ అలాంటిదేదో అనుకున్నాను. చదువుకున్నవాడికి ఇదొక సదుపాయం, దేనికైనా ఒక కారణం వెతికి పెట్టుకుంటాడు.

అప్పుడు ఆవిడ చదవడం ఆపి, గ్లాసు తీసుకుని మంచినీళ్ళు తాగింది.

నా చెవుల్లో ఆవిడ గొంతు ఆగలేదు.

గుటక వేస్తోంది... గొంతు చదువుతోంది. గ్లాసు దించింది... గొంతు చదువుతోంది. ఆవిడ గ్లాసు పట్టుకున్న చేతిని అలాగే ఉంచి, హెడ్‌ఫోన్లు రెండో చేత్తో నొక్కుకుని, మావైపు చూసింది.

"బావా" అన్నాడు వాడు గుసగుసగా. "అక్క మైకు గీత చూడండి."

తెర మీద మైకు గీత బల్లపరుపుగా ఉంది. గలగలా చదవడం మొదలైనప్పటి నుంచీ అంతే. అందులో ఏమీ పడలేదు. తిరిగొచ్చే దారి గీత మాత్రం ఉబ్బుతూ, తగ్గుతూ, ఉబ్బుతూ...

"తప్పు చేశాను" అన్నాడు. "కంగారులో, తిరిగొచ్చే దారిని మళ్ళీ వెళ్ళే దారిలోనే కలిపేశాను. వచ్చిందే పోతోంది. పోయిందే వస్తోంది."

"అలా కలిపితే కూత రావాలి కదరా. చెవులు పగిలేలా."

"రావాలి. రాలేదు."

మైకు మీట కిందికి లాగేశాడు. గొంతు ఆగలేదు. మిక్సరుకీ కంప్యూటరుకీ మధ్య ఉన్న ఆ ఒక్క తీగా పట్టుకుని పీకేశాడు. తీగ వాడి చేతిలో వేలాడుతోంది... గొంతు ఆగలేదు. ఒక్కో వాక్యం, తొందర లేకుండా, పొల్లుపోకుండా. కట్టలో చివరి కాగితం దాకా చదివింది. మా ఆవిడ ముందు మిగతా కాగితాలు ఇంకా తిరగెయ్యకుండానే ఉన్నాయి.

కట్ట అయిపోయింది. నిశ్శబ్దం.

తర్వాత ఊపిరి తీసుకున్న శబ్దం. ఆ గొంతే, ఈసారి నెమ్మదిగా...

"తమ్ముడూ, చెయ్యి వదులు. అదీ నేనేరా."

ఈ మాట ఏ కాగితంలోనూ లేదు. వాడి చేతిలో తీగ ముక్క తప్ప ఏమీ లేదు. వాడూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

వాడు లేచి లైటు వేశాడు. అద్దాల తలుపు తోసుకుని మా ఆవిడ ఇవతలికి వచ్చింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఏ క్షణమైనా గొంతు పూర్తిగా పోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఆ చెప్పినదే జరిగిందో, మరొకటే జరిగిందో నాకిప్పటికీ తెలియదు.

"చెరిపేస్తాను" అన్నాడు వాడు. "ఇది అక్క చదివింది కాదు. ఇది ఇంట్లో పెట్టుకునేది కాదు బావా. నా మాట వినండి."

వాడు కీబోర్డు మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఒక్క అంగలో వెళ్ళి అడ్డం నిలబడింది. వాడు ఆవిడ మణికట్టు పట్టుకుని పక్కకి జరపబోయాడు. ఆవిడ పెనుగులాడింది. అరవయ్యేళ్ళు దాటిన మనిషి, రోగిష్ఠి, అంత బలం ఎక్కడిదో. ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, పెదాలతో, గాలితో అంది:

"తమ్ముడూ, చెయ్యి వదులు. అదీ నేనేరా."

వాడు నిప్పు తాకినట్టు వదిలేశాడు.

సొంతంగా ఆవిడ అన్న ఆఖరి మాట అది. అప్పటికే ఒకసారి విన్న మాట.

ఆవిడ నావైపు తిరిగింది. బతిమాలే చూపు అంటే ఏమిటో ఆ రోజు చూశాను. మళ్ళీ చదివిద్దామంటే గొంతు లేదు. గొంతు వచ్చేదాకా ఆగుదామంటే రేపు లేదు. ఇది చెరిపేస్తే, నలభై ఏళ్ళుగా నా వెనక తిరిగిన ఆ పిలుపు ఇక ఈ లోకంలో ఎక్కడా ఉండదు.

"ఉంచరా" అన్నాను.

ఆపరేషను బాగానే జరిగింది. మెడ మీద చిన్న కన్నం, దానికో పల్చటి గుడ్డ. మనిషి కోలుకుంది. పెట్టె వచ్చింది. మొదటిసారి టైపు చేసి, దాన్ని నా చెవి దగ్గర పెట్టింది. "లైన్లో ఉండండి" అంది పెట్టె. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను. కొన్నాళ్ళు స్వర్గంలా గడిచింది. కూరలో ఉప్పెక్కువైందనీ, తడి కాళ్ళతో నడవొద్దనీ పెట్టె నన్ను తిడుతుంటే, ఇరుగుపొరుగు కూడా నవ్వేవాళ్ళు.

తర్వాత ఆవిడ వాక్యం సగం టైపు చేసేసరికే పెట్టె మిగతాది పలకడం మొదలుపెట్టింది. కంపెనీ వాళ్ళకి ఫోను చేస్తే, అది అలవాట్లు నేర్చుకుని ఊహిస్తుందండీ, మంచిదే కదా అన్నారు. మంచిదే అనుకున్నాం. తర్వాత ఆవిడ పెట్టె అందుకోబోతుండగానే పలికేది. ఆ తర్వాత, పొద్దున పెట్టె అన్న మాట సాయంత్రం ఆవిడ టైపు చేసేది, పొద్దున అది పలికిందని తెలియకుండానే. మా బావమరిదికి చెప్పాను. "ఆలస్యం తగ్గించానే గానీ, ఎక్కడ ఆపాలో దానికి చెప్పలేదు బావా" అన్నాడు.

ఇవాళ పొద్దున ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పెట్టె పడకగదిలో మంచం మీద ఉంది. నేను పేపరు చదువుకుంటున్నాను.

"ఏమండీ" అంది పెట్టె. "తలుపుకి గొళ్ళెం ఎందుకు పెట్టారు?"

ఏ తలుపుకీ గొళ్ళెం పెట్టి లేదు. అన్నీ బార్లా తెరిచున్నాయి.

"ఏమండీ... తియ్యండి." కాసేపాగి, చాలా చిన్నగా, "ఊపిరాడ్డం లేదు... మీరు అక్కడే ఉన్నారని నాకు తెలుసు..."

అంతే. ఆ తర్వాత పెట్టె పలకలేదు. ఆవిడ వచ్చి ఎన్నిసార్లు టైపు చేసినా పలకలేదు. బ్యాటరీ నిండుగానే ఉంది. కంపెనీ వాళ్ళు ఫోనులో ఏవేవో నొక్కించి, పెట్టెలో ఏ లోపమూ లేదన్నారు.

మధ్యాహ్నం స్క్రూడ్రైవరు తీసుకుని ఇంట్లో గొళ్ళేలన్నీ ఊడబీకాను. వంటింటివి, స్నానాలగదివి, వీధి తలుపువి కూడా. ఊడదీసినవన్నీ సంచిలో వేసి, నడుచుకుంటూ వెళ్ళి వంతెన మీంచి కాలువలో పారేసి వచ్చాను. దొంగలు పడితే పడనీ.

తిరిగొచ్చేసరికి ఆవిడ పడకగదిలో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి శబ్దం లేకుండా నవ్వింది. పెట్టెలో ఏదో టైపు చేసి, అది పలకదు కదా, తెర నావైపు తిప్పింది.

"అన్నీ తీసేసి, ఈ గది తలుపొక్కదానికి కొత్తది బిగించారేం?" అని ఉంది.

తలుపు వెనక్కి తిప్పి చూశాను. బయటివైపు, నా గుండె ఎత్తున, తళతళలాడే కొత్త గొళ్ళెం. కింద గచ్చు మీద ఇంకా ఎవరూ తొక్కని చెక్కపొడి.

నా గోళ్ళలో కూడా.