హాలెండ్ వెళ్ళిన డోలక్

"కొంచెం మెల్లగా వాయిస్తారా? మీ చప్పుడు కింద నా వయొలిన్ నలిగిపోతోంది," అన్నాడు కృష్ణప్రసాద్.

"మీరే జర గట్టిగ వాయించుండ్రి. నేను మెల్లగ కొడితే వాళ్లకెట్ల తెలుస్తది?" అంది రాజమణి.

వాళ్లంటే హాలెండ్ నుంచి వచ్చిన నర్తకులు. అందరూ ఇరవై ఏళ్ల లోపు వాళ్లే, ఎవరికీ వినపడదు. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం కావడంతో, ఆ దేశపు పిల్లలూ మన పిల్లలూ కలిసి హైదరాబాదులో ఒక కార్యక్రమం చెయ్యాలని బధిరుల బడి నడిపే అమరనాథ్ గారు పూనుకున్నారు. ఉస్మాన్‌గంజ్ దగ్గర ఒక పాత ధర్మశాల హాల్లో రిహార్సల్స్.

కృష్ణప్రసాద్‌కు పుట్టుకతోనే చూపు లేదు. తండ్రి సెక్రటేరియట్ ఉద్యోగి. గుంటూరు నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డారు. రాజమణిది పాతబస్తీలోని జహనుమా. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలికి ఇనుప పట్టీల కాలిపర్ వేసుకుంటుంది. తండ్రి ఇశ్రాయేలు బస్ డిపోలో మెకానిక్. చర్చిలో డోలక్ వాయించి వాయించి ఆమె చేతికి అలుపంటే తెలియదు.

"ఇది కచేరీయా, పెళ్లి బ్యాండా?" అని అతను అమరనాథ్ గారితో గొణిగాడు. గొణుగుడే అయినా రాజమణికి వినిపించింది.

"చెప్పులు విప్పుండ్రి," అంది దగ్గరికొచ్చి.

"ఎందుకు?"

"విప్పి ఈ స్టేజి చెక్కల మీద నిలబడుండ్రి."

నిలబడ్డాడు. ఆమె డోలక్‌ను చెక్కలకు ఆనించి వాయించింది. దెబ్బ దెబ్బకూ అదురు అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా వచ్చింది. ఆ అదురు పట్టుకునే వాళ్లు ఆడుతున్నారన్న మాట.

"తెలిసిందా?"

"తెలిసింది. నా వయొలిన్ వాళ్లకు అక్కర్లేదని."

రాజమణి నవ్వింది. "గట్ల కాదు. నాకు అక్కెర ఉన్నది. మీ పాట వింటేనే నా చెయ్యి నడుస్తది."

ఆ రోజు నుంచి అతను రిహార్సల్స్‌కు అందరికంటే ముందే వచ్చేవాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ ఒక మిర్చి దుకాణం చూరు కింద నిలబడ్డారు. ఘాటుకు అతను తుమ్మితే ఆమె తుమ్మింది, ఆమె తుమ్మితే షావుకారు తుమ్మాడు.

"బస్టాప్ దాకా నా చెయ్యి పట్టుకోండి," అన్నాడు కృష్ణప్రసాద్.

"ఏంది, మీకు తొవ్వ కనబడది, నాకు కాలు నిలవది. పట్టుకుంటే ఇద్దరం పడతం."

"పడదాం. నాకేం అభ్యంతరం లేదు."

వాన తగ్గగానే అతని మోచేతి మీద తడి వేళ్లు ఆనాయి. బస్టాప్ దాకా ఎవరూ పడలేదు.

కార్యక్రమం బాగా జరిగింది. హాలెండ్ బృందం నాయకురాలు రాజమణిని వచ్చే ఎండాకాలమంతా తమ దేశానికి వచ్చి తమతో వాయించమని అడిగింది. ఖర్చులన్నీ వాళ్లవే. ఇశ్రాయేలు వద్దన్నాడు. రాజమణి వాదించలేదు. డోలక్ తీసి అటక మీద పెట్టేసింది.

ఆ కబురు విన్నప్పుడు కృష్ణప్రసాద్‌కు మొదట సంతోషమే కలిగింది. ఆమె ఇక్కడే ఉంటుంది. ఆ రాత్రి వయొలిన్ తీస్తే చెయ్యి సాగలేదు. తన సంతోషానికి తనకే సిగ్గేసింది.

ఆదివారం అమరనాథ్ గారిని వెంటబెట్టుకుని జహనుమాలో రాజమణి ఇంటికి వెళ్లాడు.

"ఆమెను పంపండి," అన్నాడు కూర్చోగానే.

"నీకేంది బాబూ ఇందుల?" అన్నాడు ఇశ్రాయేలు. "గంత దూరంల పడితే లేపెటోడెవడు?"

"ఇక్కడ పడితే ఎవరు లేపుతున్నారండీ?"

"నేనే లేస్తున్న," అంది లోపలి గదిలోంచి రాజమణి.

ఇశ్రాయేలు గొంతు తగ్గించాడు. "పోయొస్తది సరే. వచ్చినంక దీన్ని ఎవరు చేసుకుంటరు?"

"నేను చేసుకుంటాను. ఆమెకు ఇష్టమైతే," అన్నాడు కృష్ణప్రసాద్. "వెళ్లకపోయినా చేసుకుంటాను. కానీ పోనివ్వలేదన్న బాధ మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. నాకది భయం."

అమరనాథ్ గారు టీ కప్పు కింద పెట్టేశారు. కాలిపర్ చప్పుడు చేసుకుంటూ రాజమణి గుమ్మంలోకి వచ్చింది.

"నన్ను అడిగిండ్రా?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

"నన్ను ఆపనీకి రాలేదు గదా?"

"పంపించడానికే వచ్చాను."

"అయితే వచ్చినంక చెప్త."

ఇశ్రాయేలు కూతురి ముఖంలోకి చూశాడు. తర్వాత అమరనాథ్ గారి వైపు తిరిగాడు. "పాస్‌పోర్ట్ ఏడ చేస్తరు సార్?"

రాజమణి హాలెండ్ వెళ్లింది. కృష్ణప్రసాద్ ఇంట్లో అసలు సంగతి చెప్పాడు. తండ్రి జగన్నాథరావు, నీ ఇష్టమన్నాడు. తల్లి సీతారావమ్మ కులం, మతం, చుట్టాలు అన్నీ ఏకరువు పెట్టి, ఏడ్చి, కొన్నాళ్లు కొడుకుతో మాట్లాడటం మానేసింది. రాజమణి తిరిగొచ్చే రోజున మాత్రం బేగంపేట విమానాశ్రయానికి తనూ వస్తానంది. "నేనూ చూడాలి కదా ఆ పిల్లను," అంది.

విమానం దిగి వచ్చిన రాజమణిని సీతారావమ్మ పైనుంచి కిందికి చూసింది. ఏవేవో అడగాలని వచ్చిన మనిషి ఒకే మాట అడిగింది.

"ఇంత చిక్కిపోయావేమే? అక్కడ అన్నం పెట్టలేదా?"

"రొట్టెలే పెట్టిండ్రమ్మా," అంది రాజమణి. ఆమె చూపు కృష్ణప్రసాద్ మీదే ఉంది. "సరే," అంది.

"ఏమిటి సరే?" అంది సీతారావమ్మ.

"మీకు గాదమ్మా. ఆయనకు చెప్పిన."

సీతారావమ్మ కొడుకు ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. ఆటోను పిలిచింది. "మలక్‌పేట పోనియ్యి నాయనా," అని, వెనకాల కూతురి సంచులు పట్టుకుని తటపటాయిస్తున్న ఇశ్రాయేలుతో, "మీరూ ఎక్కండి అన్నయ్యగారూ, భోజనం చేసి వెళుదురుగాని," అంది.