ఎడమ వైపు కుట్టు

ఉదయం ఏడున్నరకల్లా ఆ ఇంట్లో మూడు చప్పుళ్ళు ఒకేసారి మొదలవుతాయి. ముందుగదిలో కుట్టుమిషన్ టకటక, స్నానాలగదిలో నీళ్ళ ధార, ఆ రెండింటినీ మించి నానమ్మ గొంతు.

"ఏమ్మా, నీ కూతురు లోపలికెళ్ళి అరగంటైంది. స్నానం చేస్తోందా, కాపురం పెట్టిందా?"

"ఆరో తరగతికొచ్చింది కదత్తయ్యా! గడియ పెట్టుకుని కూర్చోవడం కూడా చదువులో భాగమే అనుకోవాలి," అంది కోడలు, మిషన్ మీంచి తల ఎత్తకుండా.

ఆమె దర్జీ పని చేస్తుంది. చుట్టుపక్కల పది వీధుల వాళ్ళూ ఆమె దగ్గరే బట్టలు కుట్టించుకుంటారు. కుట్టు ఒక్క నూలుపోగు పక్కకి జరిగినా ఆమెకి ముద్ద దిగదు. అలాంటి మనిషికి ఈ మూడు నెలలుగా కూతురితో వేగడం కత్తి మీద సామే అయింది. పక్కవీధి చిన్న బళ్ళో చదివినన్నాళ్ళూ పిల్ల ఇంటికొస్తూనే గుమ్మంలో నుంచే కబుర్లు మొదలుపెట్టేది. ఏటా ఏదో ఒక కప్పు గెలిచేది. గాజు అలమారాలో కప్పులు పెట్టడానికి చోటు చాలక పాత గడియారాన్ని అటక ఎక్కించారు. అమ్మాయిల పెద్ద బడిలో చేరిన దగ్గర్నుంచి కప్పూ లేదు, కబురూ లేదు. స్కూల్లో ఏం జరిగిందే అంటే "ఏం లేదు". ఎవరితో కూర్చున్నావే అంటే "ఎవరో". నాన్న ముద్దుగా పెట్టిన 'పిచ్చిక' అనే పేరుతో బడి గేటు దగ్గర పిలిస్తే రెండ్రోజులు మాట్లాడలేదు.

అందుకే ఇవాళ్టి మీద ఆమె ఆశంతా పెట్టుకుంది. కొత్తగా చేరిన పిల్లలు పది వారాలుగా చేత్తో కుట్టిన గుడ్డసంచుల్ని ఇవాళ బడి వరండాలో వేలాడదీస్తారు. పదకొండింటికి తల్లిదండ్రులు రావాలి. అన్నిటికంటే బాగున్న దానికి బహుమతి ఇస్తారు. ఇస్త్రీ చేసి తెచ్చుకోమని నిన్న సంచుల్ని ఇంటికి పంపారు.

తెల్లవారుతూనే ఇస్త్రీ చేద్దామని సంచి మడత తీసిన తల్లి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో పట్టి చూసింది. ఒక కుట్టు బియ్యపు గింజంత, దాని పక్కది చిక్కుడుకాయంత. ఎడమ వైపు మరీ ఘోరం! పైగా అంగుళానికో ముడి. ఊళ్ళో సగం మందికి బట్టలు కుట్టే మనిషి కూతురి సంచి ఇదా? రెండు కుట్లు సవరిద్దామని కత్తెర పట్టింది. రెండు నాలుగయ్యాయి. ఎడమ వైపు ముడులు ఒక పట్టాన ఊడక ప్రాణం తీశాయి. చివరికి రెండు వైపులా మొత్తం విప్పేసి, మిషన్ మీద పావుగంటలో గీత గీసినట్టు కుట్టేసింది.

పిల్ల తల తుడుచుకుంటూ వచ్చి బల్ల మీది సంచిని చూసింది. తువ్వాలు చేతిలోంచి జారిపోయింది.

"ఇదేంటి?"

"నీ సంచే. ఎలా ఉంది?"

"ఇది నాది కాదు."

"అదే గుడ్డ, అదే దారం. కాస్త సరిచేశానంతే. ఓ థాంక్స్ చెబితే నీ సొమ్మేం పోతుంది?"

"ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నేనడిగానా?" పిల్ల గొంతు కీచుమంది. "నేనివాళ స్కూలుకెళ్ళను. ఎప్పటికీ వెళ్ళను!"

"చూశారా అత్తయ్యా! పనులన్నీ పక్కన పడేసి చేస్తే నాకు దక్కిన మర్యాద! వంకరటింకర కుట్లు వేసి, పైగా ఆ పొగరు—"

లిఫ్టులు బాగుచేసే తండ్రి పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని బయటికొచ్చాడు. తల్లినీ కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. "పైకీ కిందికీ కాకుండా మధ్యలో ఆగినట్టుందే వ్యవహారం," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన గోడవైపు తిరిగి చెప్పుల కోసం వెతుక్కోసాగాడు.

"ఎడమ వైపు నేను కుట్టలేదమ్మా!" పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. "మా బెంచీలో కళ్ళజోడు పిల్ల కుట్టింది. దాని సంచికి ఎడమ వైపు నేను కుట్టాను. కుట్టు టీచర్ పెట్టిన రూలే అది. ఒక వైపు మనం, ఒక వైపు పక్కనమ్మాయి. నాలాగే దానికీ అక్కడ ఎవరూ తెలీదు. కుట్లు మొదలెట్టేదాకా మేమిద్దరం ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడది ఏమనుకుంటుంది? తన కుట్లు బాలేవని నేనే విప్పేశాననుకోదూ?"

తల్లి సంచిని ఎడమ వైపుకి తిప్పి చూసింది. "మరి ఈ ముక్క నాకు ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"చెప్పిందమ్మా," అంది నానమ్మ మంచం మీంచి, ఈసారి గొంతు తగ్గించి. "నీ మిషన్ పక్కన నిలబడి, ఆ కళ్ళజోడు పిల్ల సూది గుచ్చుకుని ఎలా ఎగిరిందో కూడా చెప్పింది. సగం చెవుడున్న దాన్ని, నాకే వినపడింది. నువ్వు 'ఊఁ, ఆ కత్తెర ఇలా ఇవ్వు' అన్నావు."

మిషన్ మీద సగం కుట్టిన గౌను వేలాడుతోంది. తల్లికి ఆ సాయంత్రం గుర్తులేదు. గుర్తు లేకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. అలాంటి సాయంత్రాలు ఇంకెన్ని ఉన్నాయో!

ఆమె లేచి చిన్న కత్తెర, సూదుల డబ్బా తన చేతిసంచిలో వేసుకుంది. "జడ వేసుకో. నేనూ వస్తున్నాను."

"వచ్చి ఏం చేస్తావు?"

"నాకూ తెలీదే తల్లీ. ముందు పద."

బస్సులో కూతురు కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. తల్లి ఒళ్ళో ఆ గుడ్డసంచి పెట్టుకుని, కుదుపు కుదుపుకీ ఆగుతూ, తను వేసిన కుట్లు విప్పుకుంటూ పోయింది. మిషన్ కుట్టు ఒక దారం తెంచి లాగితే సర్రున వచ్చేసింది. దిగేసరికి రెండు వైపులూ ఊడిపోయి ఒట్టి గుడ్డ మిగిలింది.

వరండాలో అప్పుడే తాళ్ళు కడుతున్నారు. కళ్ళజోడు పిల్ల తన సంచి గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. పిచ్చిక చేతిలోని ఒట్టి గుడ్డను చూసి నవ్వు ఆపేసింది. పిచ్చిక గుడ్డను వీపు వెనక్కి దాచుకుంది.

"ఆ పని నేను చేశానమ్మా," అంది తల్లి. "దీనికి తెలీదు. అడక్కుండా విప్పేశాను. తప్పు నాదే."

కళ్ళజోడు పిల్ల తల వంచుకుంది. "అంత బాలేదా ఆంటీ?"

ఏ తల్లైనా 'చాలా బాగుందమ్మా' అనేసేది. కుట్టు విషయంలో ఈవిడకి అబద్ధం నోట రాదు. "వంకరగానే ఉంది," అంది. "కానీ విప్పలేక నా చేతులు పడిపోయాయి. నా కుట్లు బస్సు దిగేలోపే ఊడిపోయాయి. నీవి ఊడనంటే ఊడనన్నాయి. అంగుళానికో ముడి వేసింది నువ్వేనా?"

"ఊఁ. ఊడిపోకూడదని."

కుట్టు టీచర్ గడియారం చూసి నిట్టూర్చింది. "ఇంకా గంటన్నర ఉంది. కూర్చోండి ఇద్దరూ. అమ్మగారూ, మీరు మాత్రం చెయ్యి పెట్టకండి."

పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని, గుడ్డను మధ్యలో పరుచుకుని చెరో వైపూ కుట్టడం మొదలుపెట్టారు. తల్లికి సూదిలో దారం ఎక్కించే ఉద్యోగం మాత్రమే దొరికింది. ఒక కుట్టు పొడుగ్గా పడింది. ఆమె చేతులు జిలపెట్టాయి. "అమ్మా, నువ్వటు తిరుగు," అంది పిచ్చిక. ఆమె బుద్ధిగా అటు తిరిగి గోడ కేసి చూస్తూ కూర్చుంది. వెనక నుంచి గుసగుసలు, ఆ తర్వాత కిసుక్కుమని నవ్వు వినిపించాయి. మూడు నెలలుగా ఇంట్లో వినపడని నవ్వు. ఆమె తిరగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పదకొండింటికి కింద మూడంగుళాలు మిగిలిపోయాయి. టీచర్ ఆ సంచిని అలాగే, సూది వేలాడుతుండగానే తాడుకి తగిలించింది. బహుమతి చివరి వరసలో వేరే అమ్మాయి సంచికి వచ్చింది. పిచ్చిక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

"ఎవరిదండీ ఈ వంకర కుట్ల సంచి?" అని నవ్వాడు ఎవరో తండ్రి.

"మా అమ్మాయిది," అంది దర్జీ, తల ఎత్తి. "ఎడమ వైపు వాళ్ళ స్నేహితురాలిది. కావాలంటే లాగి చూడండి, ఊడదు."

ఆ సాయంత్రం ముందుగదిలో మిషన్ టకటకమంటోంది. మర్నాటికి ఇవ్వాల్సిన గౌన్లు ఇంకా రెండున్నాయి. పిల్ల వచ్చి, అలవాటు ప్రకారం నేరుగా లోపలికి వెళ్ళబోయి, గుమ్మంలో ఒక్క నిమిషం ఆగింది.

"అమ్మా, మధ్యాహ్నం ఏమైందో తెలుసా..."

తల్లి సగం కుట్టులో ఉంది. ఇంకో జానెడు పోతే ఆ వైపు అయిపోతుంది. ఆమె మిషన్ చక్రాన్ని అరచేత్తో ఆపి, తొక్కుడు పలక మీంచి రెండు కాళ్ళూ తీసి నేల మీద పెట్టింది.

"చెప్పు," అంది.