ఒంటి జేబు గౌను

"నువ్వు కుట్టిన గౌను... అదేనే, ఆ నీలం పువ్వుల గౌను, బజారులో ఒక కొట్టు అద్దాల వెనక వేలాడుతోంది!" అని భర్త చెప్పగానే కుట్టుమిషను మీద ఆమె కాలు ఆగిపోయింది.

"వేలాడటమేమిటండీ?"

"ధర చీటీ కూడా కట్టి ఉంది."

ఇంకేముంది! ఆ గౌను ఎవరిదనుకున్నారు? జ్వరంతో ఆమె కళ్ళముందే చేజారిపోయిన కూతురిది! పిల్లది ఎడమచేతి వాటం. "అమ్మా, నా జేబు ఈ పక్క పెట్టవే" అని గారాలు పోతే ఎడమవైపు ఒకే ఒక్క జేబు కుట్టింది. ఇన్నేళ్ళూ ట్రంకుపెట్టె అడుగున దాచుకుని, మొన్ననే మనసు రాయి చేసుకుని, సేవాసంఘం నడిపే ఆడపడుచు చేతిలో పెట్టింది. "లేనింటి పిల్ల ఎవరైనా తొడుక్కుంటుంది వదినా" అని ఏడుస్తూ ఇచ్చిందే... దాన్ని ఆవిడ అమ్ముకుంటుందా!

"మా అక్క అలాంటిది కాదే" అన్నాడు భర్త, గొంతులో బలం లేకుండా.

"మీకు మీ అక్క దేవతే! బట్టలు పంచేచోటికి నేనూ వస్తానంటే ఎన్నిసార్లు మాట దాటేసింది? చిరుగులు కుట్టడానికి నేను కావాలి, అక్కడికి మాత్రం వద్దు! ప్రతిదీ కొత్తదానిలా ఉండాలని ఎందుకు సతాయించిందో ఇప్పుడు తెలిసింది!"

అనుమానం మొదలయ్యాక ఇంకేం మిగులుతుందమ్మా! వదిన కొత్త చెప్పులు, వదిన నవ్వు, చివరికి నిన్న వదిన అడిగిన కుశలం కూడా వంకరగానే తోచాయి.

ఉన్నపళంగా బజారుకు పరుగెత్తింది. కొట్టు మీద సంఘం పేరెక్కడా లేదు. లోపల బల్ల వెనక సాక్షాత్తూ ఆడపడుచే! ఎదురుగా ఒక తల్లి, పక్కన చిన్నపిల్ల. ఆ పిల్ల చేతిలో... ఆ గౌనే!

"మరీ అంత చెప్తే ఎలా అక్కా? సగానికివ్వు" అంటోంది ఆ తల్లి.

"సగానికా! నన్ను కొట్టు కట్టేయమంటావా ఏంటి?" అని నవ్వుతోంది ఆడపడుచు.

గుమ్మంలో నిలబడ్డ ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "దానానికిచ్చిన గౌనుకి బేరమా వదినా! అది నా బిడ్డ గౌను!"

ఆ తల్లి ముఖంలో నవ్వు ఆరిపోయింది. "దానం బట్టలా?..." గౌను బల్లమీద పెట్టేసి, పిల్ల రెక్క పట్టుకుని బయటికి నడిచింది.

"ఎంత పని చేశావే అమ్మాయ్..." అని ఆడపడుచు కూలబడింది. "మొదట్లో ఊరికే ఇచ్చాం. తల దించుకుని వచ్చి, అందింది పట్టుకుని పారిపోయేవాళ్ళు. కొందరు అసలు రానే లేదు. ఆ 'ఊరికే' అన్న మాటే వాళ్ళని పొడిచేది! అందుకే ఈ కొట్టు. కొనుక్కుంటున్నామనుకుంటే తలెత్తుకుని వస్తారు, గీచిగీచి బేరమాడతారు. ఇస్త్రీ అతను కూలి తీసుకోడు, వడ్రంగి ఈ బల్ల ఇచ్చాడు, వచ్చే చిల్లర అద్దెకే చాలదు. నీకెందుకు చెప్పలేదంటావా? నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే! బజారంతా తెలిస్తే ఇక్కడికి ఎవరొస్తారు?"

ఆమె గౌను పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

"ఏమమ్మా, ఆగు!"

"మాకు దానాలక్కర్లేదండీ."

"దానం ఎవరిస్తున్నారు నీకు? సగానికిస్తే దానానికిచ్చినట్టే కదా, ఇంకా బేరమా అని మా వదిన మీద అరిచాను!"

"మీ బిడ్డదన్నారు..."

ఆమె గౌను జేబు ఒకసారి నిమిరింది. "నేను కుట్టే ప్రతి గౌనూ నా బిడ్డదేనమ్మా. కావాలంటే ధర ఒకమాట చెప్పి తీసుకో."

ఆ తల్లి అనుమానంగా ఆమెను ఎగాదిగా చూసింది. గౌను అందుకుని తిరగేసింది. మెల్లగా కళ్ళలో గడుసుతనం వచ్చింది. "ఇదేంటి, ఒక్క జేబే ఉంది? రెండోది ఎగ్గొట్టి పూర్తి ధర అడుగుతున్నారా?"

"ఆ ఒక్క జేబుకే ఎంత ఇచ్చినా తక్కువమ్మా!" అంది ఆమె. కళ్ళు నిండాయి... ఆ తల్లి మాత్రం అది బేరమాడేవాళ్ళ నటనే అనుకుని పకపకా నవ్వింది.

చివరికి బేరం సగానికే తెగింది. పిల్ల అక్కడే గౌను పైన తొడుక్కుని, కుడిపక్క తడుముకుని, జేబు దొరక్క, ఎడమపక్క చెయ్యి దూర్చి కిలకిలమంది.

చిల్లర తెచ్చి బల్లమీద పెట్టి, ఆడపడుచు చెయ్యి పట్టుకుంది ఆమె. "నన్ను క్షమించు వదినా... ఇకనుంచి ప్రతి గౌనుకీ ఒక్క జేబే కుడతాను."

"అదేంటే?"

"బేరమాడటానికి వాళ్ళకో వంక ఉండొద్దూ!"